దేవుడికి చెప్పుకుంటే చాలు అనేవాళ్ళకు



ఈసారి కూడా పొడుగ్గానే రాస్తున్నాను. అంతా చదివే ఓపిక లేనివాళ్ళు చివరి భాగమైనా చదవండి, అక్కడ నా సంగతి ఉంది. నా తెలుగులో తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకోండి. బడిలో నేను చదివింది తమిళం. తెలుగు అక్షరాలు మా అమ్మ బైబిలు మీద వేలు పెట్టించి నేర్పింది. కాబట్టి నా తెలుగు సగం వంటింటిది, సగం గుడిది.

పోయిన నెల జనరల్ బాడీ మీటింగులో ఏం జరిగిందో వచ్చినవాళ్ళకు తెలుసు. రానివాళ్ళకు వీడియో తెలుసు. మన భూస్థాపన ఫండ్ వసూలు చేసే తమ్ముడు, లెక్కలు చదవడం అయిపోయి, అందరూ సరే అని చేతులెత్తి, టీ గ్లాసులు తిరుగుతున్న టైములో లేచి నిలబడ్డాడు. రెండేళ్ళ కింద భార్య ఆపరేషన్‌కు ఫండ్ డబ్బు 24,000 వాడుకున్నానని, రసీదు పుస్తకంలో సర్దానని, ఎవరికీ తెలియలేదని, ఇక మోయలేకపోతున్నానని చెప్పాడు. ఎవరూ అడగలేదు. ఎవరికీ అనుమానం లేదు. లెక్క పాసైపోయింది కూడా. అది గుర్తుపెట్టుకోండి, నా మాటంతా దాని మీదే నడుస్తుంది.

ఆ రాత్రి నుంచి మన గ్రూపులో మూడు రకాల మాటలు వచ్చాయి. ఒకటి, వాణ్ణి సభ్యత్వంలోంచి తీసేయాలి. రెండు, "దేవుడి దగ్గర ఒప్పుకుని మెల్లగా డబ్బు పెట్టేస్తే సరిపోయేది, అందరి ముందు చెప్పి మన పరువు ఎందుకు తీయాలి?" మూడోది మాట కాదు, వీడియో. ఎవరో ఫోన్లో తీసి పంపారు. అది రాజురా, బల్లార్షా, చంద్రపూర్ తిరిగి, నది దాటి సిర్పూర్ దాకా పోయి, వాళ్ళ అత్తగారి ఫోనుకు చేరింది.

మొదటి మాట అన్నవాళ్ళ మీద నాకు పెద్ద కోపం లేదు. డబ్బు పోయినవాడికి కోపం వస్తుంది. నా గొడవ రెండో మాట అన్నవాళ్ళతో. వాళ్ళు భక్తిపరులు, ఆదివారం తప్పనివాళ్ళు, వాక్యం తెలిసినవాళ్ళు. అందుకే వాళ్ళ మాట ఎక్కువ ప్రమాదం.

దేవుడికి చెప్పుకుంటే చాలు అనేవాళ్ళు యోహాను మొదటి పత్రిక ఒకటో అధ్యాయం తొమ్మిదో వచనం చూపిస్తారు. మనందరికీ నోటికి వచ్చిన వచనం. మంచిదే. కానీ ఆ మాట ఏకవచనంలో లేదు, "మనము" అని ఉంది. దానికి రెండు వచనాల ముందే, వెలుగులో నడిస్తే మనకు ఒకరితో ఒకరికి సహవాసం ఉంటుందని ఉంది. తలుపు మూసుకుని చెప్పుకోమని అక్కడ లేదు. యాకోబు గారైతే అనుమానానికి చోటే ఇవ్వలేదు. ఐదో అధ్యాయం పదహారో వచనం తీయండి, పాపాలు ఒకనితో ఒకడు ఒప్పుకోమన్నాడు. ప్రభువు కొండమీద చెప్పింది ఇంకా కష్టమైంది. బలిపీఠం దగ్గరికి అర్పణ తెచ్చాక, నీ మీద సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వాడి దగ్గరికి పొమ్మన్నాడు. దేవుడే తనకు రావలసిన దాన్ని పక్కన పెట్టించి మనిషి దగ్గరికి పంపుతున్నాడు. మనమేమో మనిషికి చెప్పాల్సింది దేవుడికి చెప్పి ఇంటికి పోయి చికెన్ వండుకుంటున్నాం.

డబ్బు విషయానికొస్తే పాత నిబంధన మన ఆడిటర్ కంటే గట్టిది. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో పద్ధతి రాసి పెట్టి ఉంది. తప్పు చేసినవాడు ముందు ఒప్పుకోవాలి, తర్వాత అసలు ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి, ఎవరికి అన్యాయం చేశాడో వాళ్ళకే ఇవ్వాలి. ఆ మనిషి లేకపోతే? దగ్గరి బంధువుకు. బంధువూ లేకపోతే? యాజకుడి ద్వారా దేవునికి. ఇన్ని దారులు చెప్పారు గానీ, మనసులో అనుకుని నీ దగ్గరే ఉంచుకో అన్న దారి లేదు. జక్కయ్య సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు, సండే స్కూల్లో చెట్టెక్కించి పాట పాడిస్తాం. ఆయన చెట్టు దిగాక సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడని మాత్రం పాటలో అంత గట్టిగా పాడం.

నేను తమిళంలో మొదట నేర్చుకున్న మాట "పావ అరిక్కై". పాపాలు ఒప్పుకోవడాన్ని వాళ్ళు అలా అంటారు. అరిక్కై అంటే ప్రకటన, రిపోర్టు కూడా. ప్రభుత్వం ఇచ్చేదీ అరిక్కైయే, గుడిలో మోకాళ్ళ మీద చెప్పేదీ అరిక్కైయే. చిన్నప్పుడు ఇది నాకు వింతగా ఉండేది. రైల్వేలో చేరాక అర్థమయింది.

బుకింగ్ ఆఫీసులో డ్యూటీ ఎక్కేముందు ప్రతి క్లర్కూ తన జేబులో సొంత డబ్బు ఎంత ఉందో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. ప్రైవేట్ క్యాష్ డిక్లరేషన్ అంటారు. దొంగ అని కాదు. రేపు విజిలెన్స్ వాళ్ళు వచ్చి సొరుగు తెరిస్తే, ఏది రైల్వేది, ఏది నీది అని తేలడానికి. డ్యూటీ దిగేటప్పుడు అమ్మిన టికెట్ల కంటే డబ్బు తక్కువుంటే మన జేబులోంచి వేయాలి. ఎక్కువుంటే అది మనది కాదు, ఎక్సెస్ ఇన్ బుకింగ్ అని చూపించి కట్టేయాలి. ఇంకొకటుంది. మనం పంపిన లెక్కల్లో తప్పు దొరికితే అకౌంట్స్ ఆఫీసు ఎర్రర్ షీట్ పంపుతుంది. దానికి రెండే జవాబులు. ఒప్పుకుంటే అడ్మిటెడ్ డెబిట్, జీతంలోంచి కోసుకుంటారు, అయిపోతుంది. ఒప్పుకోకపోతే కారణం రాసి అభ్యంతరం పెట్టాలి. జవాబు రాయకుండా సొరుగులో పెట్టేసే మూడో పద్ధతి రూల్లో లేదు గానీ మా ఆఫీసుల్లో బాగా నడిచేది. అలా ఏళ్ళ తరబడి ఉండిపోయిన డెబిట్లు చివరికి రిటైరయ్యేటప్పుడు సెటిల్‌మెంట్ డబ్బు ఆపి కూర్చుంటాయి. ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు రెండు వేల రూపాయల పాత డెబిట్ కోసం డివిజన్ ఆఫీసు చుట్టూ తిరగడం నేను కళ్ళారా చూశాను. చాలామంది విశ్వాసులు ఈ మూడో పద్ధతిలోనే ఉన్నారని నా అనుమానం. ఒప్పుకోరు, కాదనరు, సొరుగులో పెట్టేస్తారు.

లాభం ఏంటని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్న నాకు నచ్చదు, అయినా జవాబు చెప్తాను. ఈమధ్య యూట్యూబ్ ప్రసంగీకులు కొందరు పాపం ఒప్పుకుంటే షుగర్ తగ్గుతుంది, ఆగిపోయిన ఉద్యోగం వస్తుంది, ఇల్లు కట్టుకుంటారు అంటున్నారు. అది ఒప్పుకోవడం కాదు, దరఖాస్తు. దావీదు ముప్ఫై రెండో కీర్తనలో చెప్పిన లాభం వేరు. మౌనంగా ఉన్నన్నాళ్ళూ ఎముకలు అరిగిపోయినట్టు ఉండేదట, రాత్రీ పగలూ ఏదో చెయ్యి బరువుగా మీదుండేదట. ఒప్పుకున్నాక ఆ బరువు పోయింది. బరువు పోవడమే లాభం. బత్షెబ విషయంలో ఆయనకు పుట్టిన బిడ్డ బతకలేదు, ఇంట్లో కత్తి ఆగలేదు. ఒప్పుకున్నందుకు కష్టాలు మాయం కాలేదు. కానీ మళ్ళీ దేవుడి ముఖం చూసి పాట రాయగలిగాడు. నాతాను వచ్చి కథ చెప్పేదాకా ఆయనా సొరుగులో పెట్టినవాడే. అందుకే అంటున్నాను, మన తమ్ముడు దావీదు కంటే ఒక మెట్టు ముందున్నాడు. అతని దగ్గరికి ఏ నాతానూ రాలేదు.

తేడా తెలియాలంటే ఆకానును చూడండి. యెహోషువ ఏడో అధ్యాయం. చీట్లు వేసి గోత్రం, వంశం, ఇల్లు దాటి తన పేరు దాకా వచ్చాక ఒప్పుకున్నాడు. అది దొరికిపోవడం. మనవాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకోలు ఈ రకమే. భార్య ఫోన్ చూశాక, మేస్త్రీ లెక్క అడిగాక, రసీదు బయటపడ్డాక కన్నీళ్ళతో సాక్ష్యం చెప్తారు. మనం హల్లెలూయ అంటాం. అడగకుండా లేచినవాణ్ణేమో వెళ్ళగొడదామంటున్నాం.

ఇలా అడగకుండా లేచిన పెద్ద ఇంకొకరున్నారు, ఆయన కథ మన మీటింగుకు సరిగ్గా సరిపోతుంది. 1904-05లో వేల్స్‌లో, మన దేశంలో ఖాసీ కొండల్లో ఉజ్జీవం వచ్చింది. 1905 జూన్‌లో మన మహారాష్ట్రలోనే, దౌండ్ దగ్గర కేడ్‌గావ్‌లో, పండిత రమాబాయి గారి ముక్తి మిషన్‌లో ఆడపిల్లలు ఏడ్చి పాపాలు ఒప్పుకుని ప్రార్థించారు. ఈ వార్తలు కొరియా దాకా పోయాయి. 1907 జనవరిలో ప్యాంగ్యాంగ్ పట్టణంలో కూటాలు జరుగుతుంటే గిల్ సన్‌జూ అనే సంఘ పెద్ద లేచి, నేనే ఆకానును అన్నాడు. చనిపోతూ ఒక స్నేహితుడు తన ఆస్తి చూసుకొమ్మని ఆయనకు అప్పగించాడట. ఆ విధవరాలి డబ్బులో కొంత తాను ఉంచుకున్నానని, తిరిగి ఇచ్చేస్తానని చెప్పాడు. దాంతో గుడంతా ఒకరి వెనక ఒకరు లేచారు. ఇప్పుడు మన గ్రూపులో పెద్దలు ఏమనేవారో ఊహించండి. సంఘ పెద్దే దొంగ అని బయటపెడితే బయటివాళ్ళ ముందు పరువేం కావాలి? కానీ ఆ సంఘం ఆయన్ని వెళ్ళగొట్టలేదు. అదే సంవత్సరం పాస్టరుగా అభిషేకం చేశారు. కొరియా ప్రెస్బిటేరియన్ సంఘంలో మొదటి ఏడుగురు కొరియన్ పాస్టర్లలో ఆయన ఒకరు.

క్రైస్తవుల కథలే చెప్తున్నాననుకుంటే గాంధీ గారిని చూడండి. మన బల్లార్షా లైన్లోనే సేవాగ్రామ్ స్టేషన్ ఉంది, ఎన్నిసార్లు దాటి ఉంటామో. పదిహేనేళ్ళ వయసులో అన్న చేతి కడియంలోంచి బంగారం ముక్క తీశానని ఆయన ఆత్మకథలోనే రాసుకున్నారు. నోటితో చెప్పలేక చీటీ రాసి, శిక్ష కూడా తనే అడిగి, జబ్బుతో పడుకున్న తండ్రి చేతికి ఇచ్చారు. తండ్రి లేచి కూర్చుని చదివి, కన్నీళ్ళు కార్చి, ఆ చీటీ చించేశారు. ఆయన కూడా మనసులో రాముడికి చెప్పుకుని ఊరుకోవచ్చు కదా. ఊరుకుని ఉంటే తండ్రి కన్నీళ్ళు ఆయనకు దొరికేవి కావు. తప్పిపోయిన కుమారుడి ఉపమానంలోనూ అంతే. వాడు దారిపొడుగునా ఏం చెప్పాలో బట్టీపట్టుకుని వచ్చాడు. చివరి వాక్యం, నన్ను కూలివాడిగా పెట్టుకో అన్నది, వాడి నోట్లోంచి వచ్చేలోపలే తండ్రి బట్టలు తెమ్మన్నాడు. కానీ ఇంటికి నడిచి రాకుండా పందుల దగ్గరే కూర్చుని ఒప్పుకుని ఉంటే ఆ ఉంగరం వేలికి ఎక్కేదా?

ఇక వీడియో తీసినవాళ్ళ సంగతి. మీకు నా దగ్గర మెత్తటి మాటలు లేవు.

మన అసోసియేషన్‌లో బాప్టిస్టులున్నారు, సీఎస్ఐ వాళ్ళున్నారు, స్వతంత్ర సంఘాలవాళ్ళున్నారు, కథోలికులు ఉన్నారు. కథోలికుల పాపసంకీర్తనాన్ని మనవాళ్ళు వెక్కిరిస్తుంటారు, మనిషికి చెప్పడమేంటి అని. నేనూ చిన్నప్పుడు వెక్కిరించాను. ఒక విషయంలో మాత్రం వాళ్ళు మనకంటే వెయ్యి రెట్లు నయం. 1215లో లాటరన్ మహాసభ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం చేయాలని రూలు పెట్టినప్పుడే, విన్నది బయటపెట్టే గురువుకు శిక్ష కూడా రాసింది. పదవి తీసేసి జీవితాంతం మఠంలో పశ్చాత్తాపంలో ఉంచమంది. ఇప్పటికీ ఆ రహస్యం బయటపెడితే గురువుకు వెలివేత శిక్ష. బల్లార్షాలో సెయింట్ థామస్ కేథడ్రల్ మన కళ్ళ ముందే ఉంది. అక్కడ ఆ చిన్న గూట్లో చెప్పింది ఏ గ్రూపుకూ రాదు. మన దగ్గర యాభైమంది ముందు ఏడుస్తూ చెప్పింది గంటలో సిర్పూర్ చేరింది. ఎవరు ఎవర్ని వెక్కిరించాలి?

అలాగని అక్కడా అంతా బాగుందనను. 2018లో కేరళలో ఆర్థడాక్స్ సంఘానికి చెందిన కొందరు గురువులు ఒక ఆమె ఒప్పుకోలులో చెప్పినదాన్ని పట్టుకుని ఆమెను బెదిరించి లొంగదీసుకున్నారని ఆరోపణలు వచ్చాయి. జాతీయ మహిళా కమిషన్ అధ్యక్షురాలు ఒప్పుకోలు పద్ధతినే రద్దు చేయాలని సిఫారసు చేశారు. సంఘాలన్నీ మండిపడ్డాయి. రద్దు చేయడం తప్పేనని నేనూ అంటాను. కానీ ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా మండిపడటం కూడా తప్పే. చెప్పినవాడి మెడ విన్నవాడి చేతిలో ఉంటుంది. వినే అర్హత లేనివాళ్ళ ముందు ఒప్పుకోమనడం హింస.

అందుకే నాకు గుడిలో నిలబెట్టి ఒప్పించే పద్ధతి అసహ్యం. పెళ్ళికి ముందు కడుపొచ్చిన పిల్లను ఆదివారం ఆరాధనలో అందరి ముందు నిలబెట్టడం నేను ఒకటి కాదు, మూడుసార్లు చూశాను, వేర్వేరు ఊళ్ళలో. మూడుసార్లూ అబ్బాయి పక్కన లేడు. ఒకసారైతే అబ్బాయి తండ్రి కానుక సంచి పట్టుకుని తిరుగుతున్నాడు. ప్రభువు మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో చెప్పిన క్రమం ఏంటి? ముందు నువ్వూ వాడూ ఒంటరిగా. తర్వాత ఇద్దరు ముగ్గురు. ఆఖరుకే సంఘం. మనం ఆఖరు దానితో మొదలుపెడతాం, అది కూడా దిక్కులేనివాళ్ళతోనే. నా లెక్క ఇది: ఎవరికి తప్పు జరిగిందో వాళ్ళ ముందు ఒప్పుకోవాలి. భార్యకు జరిగితే భార్య ముందు. ఫండ్ అందరిది కాబట్టి మన తమ్ముడు అందరి ముందు చెప్పాడు, అది సరైన చోటు. ఆ అందరిలో ఫోనుకు చోటు లేదు.

ఇంకో మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మనం ఒప్పుకోమని అడిగే పాపాల లిస్టు చాలా చిన్నది. తాగుడు, ఆడా మగా వ్యవహారాలు, చిల్లర దొంగతనం. కట్నం తీసుకున్నానని ఏ ఉజ్జీవ కూటంలోనైనా ఎవరైనా ఏడ్చారా? మన గ్రూపులోనే పెళ్ళి సంబంధాల మెసేజిల్లో "మాల క్రైస్తవులు మాత్రమే", "మాదిగ క్రైస్తవులు మాత్రమే", "రెడ్డి ఆర్సీఎం" అని రాస్తున్నాం. దాని కింద ఆమెన్ అని బొమ్మలు పెడుతున్నాం. దోర్నకల్ జంక్షన్ మనందరికీ తెలుసు. అక్కడ బిషప్‌గా ఉన్న అజరయ్య గారు నాలాగే తమిళం వైపు మనిషి, తిరునెల్వేలి జిల్లావారు. తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ళ మధ్యే బతికి, 1945లో పోయారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. దానికి రెండేళ్ళ ముందు ఎడింబరోలో ప్రపంచ మిషనరీల సభలో నిలబడి, మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, కానీ మాతో స్నేహం చేయలేదు అని తెల్లవాళ్ళ ముఖం మీదే చెప్పినవారు. చాలామందికి అది మింగుడు పడలేదు. మంచి మనుషుల్లో కూడా వాళ్ళకు కనిపించని పాపం ఉంటుంది, ఎవరో ఒకరు చెప్పాలి. 24,000 రూపాయల పాపానికి వీడియో తీసిన మనం, పెళ్ళి మెసేజిల పాపానికి ఎవర్ని నిలబెడదాం?

ఇప్పుడు నా సంగతి.

1994లో ఒక చిన్న స్టేషన్లో బుకింగ్ కౌంటర్‌లో ఉన్నాను. స్టేషన్ పేరు వద్దు, తప్పు స్టేషన్‌ది కాదు. మిరప కోతకు పోయే కూలీలు వచ్చే రోజులు. ఒకాయన, తలకు ఎర్ర తువ్వాలు, వెనక భార్య, ఇద్దరు పెద్దపిల్లలు, నాలుగు టికెట్లు అడిగి ఐదు వందల నోటు ఇచ్చాడు. టికెట్లు 112. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది. టికెట్లు అందుకుని పరుగెత్తాడు, 388 రూపాయలు నా దగ్గర మిగిలాయి. పిలిస్తే వినిపించేదే. పిలవలేదు. సాయంత్రం ఎక్సెస్ ఇన్ బుకింగ్ చూపించాలి. చూపించలేదు. పొద్దున డిక్లరేషన్లో 40 రూపాయలు రాశాను కాబట్టి జేబులో పెట్టుకుంటే ప్రమాదమని, టీ తెచ్చే కుర్రాడి చేతికి కవరిచ్చి మా ఇంటికి పంపాను. ఆ కుర్రాడికి పన్నెండేళ్ళుంటాయి. వాడికి లోపల ఏముందో తెలియదు, కానీ వాణ్ణి కూడా ఇందులో కలిపాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నెల దాటాక ఆ మనిషి తిరుగు ప్రయాణంలో కౌంటర్ దగ్గరికి వచ్చి, సారూ, ఆ రోజు చిల్లర మరిచిపోయాను అన్నాడు. గట్టిగా కూడా అడగలేదు. నేను ముఖం ఎత్తకుండా, ఇక్కడేం లేదు, నీ సంచిలో చూసుకో అన్నాను. ఆయన నిజంగానే పక్కకు పోయి నేల మీద కూర్చుని సంచి దులిపి చూసుకున్నాడు. నా మాట నమ్మాడు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ సంచి దులపడం నాకు పోలేదు.

దేవుడికి చెప్పుకున్నానా అంటే, వందసార్లు చెప్పుకున్నాను. ప్రతి ప్రభువు బల్ల ముందు ఆరాధన క్రమంలో ఉన్న ఒప్పుకోలు అందరితో కలిసి గట్టిగా చదివాను. అందులో 388 రూపాయలని ఎక్కడా లేదు కదా, హాయిగా చదవొచ్చు. తర్వాత ఇంకో స్టేషన్లో ఉండగా ఒక పెద్దాయన వచ్చి సెకండ్ క్లాస్ టికెట్ కొని, నా ముందే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. ఏమయ్యా అంటే, చదువుకునే రోజుల్లో టికెట్ లేకుండా తిరిగానయ్యా, ప్రభువును నమ్ముకున్నాక నెలకొకటి కొని చించేస్తున్నాను, ఇంకా ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి అన్నాడు. తోటి క్లర్కులు పిచ్చోడన్నారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. అయినా ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే దేవుడికి చెప్పాను కదా అన్న ధీమా. ఆ ధీమాయే నన్ను ఇన్నేళ్ళు చెడగొట్టింది. అందుకే రెండో మాట అన్నవాళ్ళ మీద నాకింత కోపం. ఆ మాటలో ముప్ఫై ఏళ్ళు కాపురం ఉన్నవాణ్ణి నేను.

పోయిన నెల తమ్ముడు లేచి చెప్పినప్పుడు నేను మూడో వరుసలో ఉన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ నెల మీరు నాకు చీర కొన్నారు, అదేనా అంది. అదే. ఆ చీర ఆమె ఇప్పుడు పెట్టెలోంచి తీసి బయట పెట్టింది, ఏం చేయాలో ఇద్దరికీ తెలియడం లేదు. మనశ్శాంతి వచ్చిందా అంటే, అబద్ధం చెప్పను, మొదటి వారం ఇంట్లో అశాంతే వచ్చింది. కానీ ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే నా మాటలు నాకే దొంగగా వినిపించడం ఆగింది. లాభం అడిగారు కాబట్టి చెప్పాను, నాకు ఇప్పటిదాకా వచ్చినది ఇంతే.

ఆ మనిషి పేరు తెలియదు, ఊరు తెలియదు. వెతికే దారి లేదు. 388కి అయిదో వంతు కలిపితే 465 రూపాయల 60 పైసలు. 1994 నాటి 388కి ఈరోజు 465 ఇస్తే మళ్ళీ మోసం చేసినట్టే. అప్పుడు ఆయన కుటుంబం ఎన్ని రోజులు మిరప కోస్తే ఆ డబ్బు వచ్చి ఉంటుందో, ఈరోజు కూలితో నలుగురికి అన్ని రోజులు లెక్కవేసి, దానికి అయిదో వంతు కలిపి తెస్తాను. మన భూస్థాపన ఫండ్‌కు వద్దు, అది మన ఇంట్లోనే తిరిగినట్టవుతుంది. కోతలకు పోయే కూలీల పిల్లలకు నోటుపుస్తకాలకో, ఇంకేదానికో వాడదాం, కమిటీ చెప్పాలి.

వచ్చే ఆదివారం మీటింగులో తమ్ముడి సభ్యత్వం సంగతి నాలుగో అంశంగా పెట్టారు. నా ప్రతిపాదన ముందే రాస్తున్నాను. 24,000కు అయిదో వంతు 4,800 కలిపి 28,800, నెలకు 1,200 చొప్పున రెండేళ్ళలో కట్టనివ్వాలి. డబ్బు వసూలు పని అతనికి వద్దు. క్షమించడం వేరు, మళ్ళీ రసీదు పుస్తకం చేతికివ్వడం వేరు, అది అతనికీ మంచిది కాదు. ఇక మీదట ప్రతి రసీదు మీద ఇద్దరి సంతకాలుండాలి, ఎందుకంటే ఒక్కడి చేతిలో లెక్క వదిలేసిన తప్పు మన కమిటీ అందరిదీ, ఆడిట్ చేసిన నాది కూడా. సభ్యత్వం మాత్రం తీయకూడదు. వీడియో తీసిన తమ్ముడెవరో నాకు తెలుసు, పేరు రాయను. నువ్వు తమ్ముడి ఇంటికి వెళ్ళు, అత్తగారు కూడా ఉన్నప్పుడు వెళ్ళు. గ్రూపులో సారీ అని పెట్టకు.

నాలుగో అంశానికి ముందు నాకు ఐదు నిమిషాలు ఇవ్వమని సెక్రటరీ గారిని అడిగాను. మా ఆవిడ కూడా వస్తానంది. ఉదయం బస్సుకు బయలుదేరి వస్తాం. మీటింగు మొదలవకముందే ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేయిస్తే బాగుంటుంది, బుట్ట నేనే తెస్తాను.